పురుగు ‘అలవాటు పడడం’ అంటే ఏంటో చింతగింజలతో లెక్కపెట్టి చూడండి

పత్తి వేసే ఏ ఊళ్ళో అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: “బీటీకి పురుగు అలవాటు పడిపోయిందండీ.” బీటీ అంటే, కాయ తొలిచే పురుగుని చంపే ప్రోటీన్‌ని తనలోనే తయారుచేసుకునేలా ఒక జన్యువు చేర్చిన పత్తి. మా నాన్న అదే మాట అనేవాడు, నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను. రోజూ కొంచెం కొంచెం విషం తిని తిని పురుగు ఒళ్ళు గట్టిపడిందని, మనిషి కారానికి అలవాటు పడ్డట్టే అదీ అని. అది తప్పు. ఆ తప్పు నమ్మకం వల్లే విత్తనాల సంచితో వచ్చిన చిన్న ప్యాకెట్‌ను మేం గట్టు మీద పారేశాం, ఆ ప్యాకెట్ ఎందుకిచ్చారో షాపులో అడిగితే “అది అక్కర్లేదు, పడెయ్యండి” అన్నారు కూడా. తర్వాత కాయలు పగలదీసి చూస్తే లోపల పురుగు. అందుకే ఇది రాస్తున్నాను. చింతగింజలు, ఓ గంటన్నర టైమ్ ఉంటే చాలు, జీవుల్లో మార్పు ఎలా వస్తుందో, కొత్త జాతి ఎలా విడిపోతుందో మీ చేత్తో మీరే చూడొచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

ముందు సామాను

ఒకే సైజు చింతగింజలు ఓ వంద ఏరి పెట్టుకోండి. నెయిల్ పాలిష్ సీసా ఒకటి, లోపల చెయ్యి పట్టేంత స్టీలు డబ్బాలు రెండు, నోట్‌బుక్, పెన్సిల్. సగం గింజల మీద నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టి బాగా ఆరనివ్వండి. అష్టాచమ్మాకి చేసినట్టు బండ మీద మాత్రం అరగదీయొద్దు. అరగదీసిన గింజ వేలికి నున్నగా తగులుతుంది, కళ్ళు మూసుకున్నా చెయ్యి దాన్ని గుర్తుపట్టి ఏరుతుంది, అప్పుడు లెక్కంతా పాడైపోతుంది.

ఇక్కడ ఒక్కో గింజ ఒక జన్యువు. ప్రతి పురుగుకీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి రెండు గింజలు కలిస్తే ఒక పురుగు. చుక్క ఉన్నది జన్యువులో ఒక రకం, లేనిది ఇంకో రకం. ఇంతకంటే గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు.

మొదటి ఆట: ఎవరూ ఎంచకపోయినా మారిపోవడం

డబ్బాలో ఎనిమిది గింజలు వేయండి, నాలుగు చుక్కవి, నాలుగు మామూలువి. అంటే నాలుగు పురుగుల గుంపు. కళ్ళు మూసుకుని ఒక గింజ తీయండి, ఏదో రాసుకోండి, మళ్ళీ డబ్బాలో వేసేయండి, డబ్బా ఊపండి. ఇలా ఎనిమిది సార్లు. ఐదు సార్లు చుక్కది, మూడు సార్లు మామూలుది వచ్చిందనుకోండి, ఇప్పుడు డబ్బా ఖాళీ చేసి ఐదు చుక్కవి, మూడు మామూలువి వేయండి. అది రెండో తరం. అక్కణ్ణుంచి మళ్ళీ ఎనిమిది సార్లు తీయండి.

తీసిన గింజను తిరిగి వేయడం మర్చిపోతే ప్రతిసారీ నాలుగు, నాలుగే వస్తాయి, ఏమీ మారదు. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. తిరిగి వేయడమంటే, ఒకే తల్లికి ఇద్దరు పిల్లలు పుట్టొచ్చు, ఇంకో తల్లికి అసలు పుట్టకపోవచ్చు అని ఒప్పుకోవడం. మార్పంతా అక్కడే ఉంది.

డబ్బా మొత్తం ఒకే రకం గింజలు అయిపోయేదాకా ఆడండి. సగటున పది పన్నెండు తరాలు పడుతుంది, ఒక్కోసారి నాలుగింటికే అయిపోతుంది, ఒక్కోసారి ఇరవై దాటినా తేలదు. మా అమ్మాయి డబ్బాలో ఆరో తరానికే చుక్క గింజ ఒక్కటీ మిగల్లేదు. పక్కనే మా చెల్లెలి కొడుకు డబ్బాలో పదిహేను తరాలు ఊగి ఊగి చివరికి అన్నీ చుక్కవే అయ్యాయి. ఇద్దరూ మొదలుపెట్టింది నాలుగు, నాలుగుతోనే. చుక్క మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు, గుంపు చిన్నది, అంతే. ఇదే ఆట నలభై గింజలతో ఆడండి, పది తరాలకి ఒకే రకం అయిపోవడం చాలా అరుదు. గుంపు పెద్దదైతే ఊగుడు తగ్గుతుంది.

అమెరికాలో పీటర్ బ్యూరీ అనే ఆయన ఇదే ఆటను నిజం ఈగలతో ఆడాడు, 1956లో అచ్చు వేశాడు. పండ్ల చుట్టూ తిరిగే చిన్న ఈగల్ని 107 సీసాల్లో పెంచాడు, ప్రతి సీసాలో ప్రతి తరంలోనూ ఎనిమిది మగవి, ఎనిమిది ఆడవి మాత్రమే ఉంచాడు. కంటి రంగును మార్చే ఒక జన్యువు అన్ని సీసాల్లోనూ సగం, సగంతో మొదలైంది. పంతొమ్మిది తరాలయ్యేసరికి 30 సీసాల్లో ఆ రకం పూర్తిగా మాయమైంది, 28 సీసాల్లో అదొక్కటే మిగిలింది. మీ నోట్‌బుక్కులో కనిపించేది అదే.

ఇది పురుగులకే కాదు, మనకీ వర్తిస్తుంది. కొద్దిమందితో మొదలై, తరతరాలుగా లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న ఏ సమాజంలోనైనా ఏదో ఒక అరుదైన జన్యువు ఇలా పేరుకోవచ్చు. మన దగ్గర వైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం బయటివాళ్ళకంటే చాలా ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది, ఈ లోపం ఉన్నవాళ్ళకి గంటలు పడుతుంది, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఎవరి తప్పూ లేదు, ఎనిమిది గింజల డబ్బాలో చుక్క ఎక్కువైనట్టే. ఇంట్లో ఎవరికైనా మత్తు విషయంలో ఇబ్బంది వచ్చి ఉంటే ఆ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పండి.

రెండో ఆట: బీటీ చేను

ఇది అసలు సంగతి, కొంచెం ఓపిగ్గా చేయండి.

నలభై గింజలు తీసుకోండి, ముప్పై ఆరు మామూలువి, నాలుగు చుక్కవి. ఈ ఆటలో చుక్క అంటే బీటీని తట్టుకునే జన్యువు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? బీటీ పత్తి పుట్టకముందే ఉంది. బీటీ ప్రోటీన్ పురుగు పేగులో కాడెరిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని పేగును చిల్లులు చేస్తుంది. జన్యువు తరతరాలుగా నకలు అవుతున్నప్పుడు అప్పుడప్పుడూ తప్పులు పడతాయి, కాడెరిన్ జన్యువులోనూ పడతాయి, అలా తేడా వచ్చిన పురుగులో బీటీకి అతుక్కునే చోటు దొరకదు. విషం చూసి పురుగు తయారుచేసుకున్నది కాదది, లాటరీలో ముందే తగిలి పడి ఉన్న చీటీ.

ఇప్పుడు గింజల్ని చూడకుండా రెండేసి చొప్పున బయటకి తీసి జతలుగా నేల మీద పేర్చండి, ఈసారి తిరిగి వేయొద్దు. ఇరవై జతలొస్తాయి. తట్టుకోవాలంటే జతలో రెండు గింజలకీ చుక్క ఉండాలి, ఒక్కదానికే ఉంటే పురుగు చచ్చిపోతుంది. (నిజం చేలో ఇంత ఖరాఖండీగా ఉండదు, ఒక్క చుక్కవాటిలోనూ కొన్ని బతుకుతాయి, కానీ లెక్క అర్థం కావడానికి ఇది చాలు.) చాలాసార్లు రెండు చుక్కల జత ఒక్కటీ రాదు. చుక్కలన్నీ మామూలు గింజల పక్కన దాక్కుని ఉంటాయి. ఆ జతల్ని కాసేపు అలాగే చూడండి, ఎందుకంటే మొత్తం కథ ఆ దాక్కోవడంలోనే ఉంది.

ఇక పెన్సిల్ తీయండి. ఊరి చుట్టూ వంద పురుగులున్నాయి, వాటిలో పది శాతం జన్యువులు చుక్కవి అనుకుందాం. రెండు చుక్కలూ ఉన్న పురుగు పదో వంతులో పదో వంతు, అంటే వందలో ఒకటి. ఒక్క చుక్క ఉన్నవి పద్దెనిమిది. అసలు లేనివి ఎనభై ఒకటి.

చేనంతా బీటీయే వేశారనుకోండి. తొంభై తొమ్మిది చస్తాయి. మిగిలిన ఆ ఒక్కటీ అలాగే మిగిలినదాంతోనే జత కడుతుంది, దాని పిల్లలన్నీ రెండు చుక్కలవే. పది శాతం ఉన్న చుక్క ఒక్క తరంలో వంద శాతం.

ఇప్పుడు అయిదో వంతు చేలో మామూలు పత్తి, అంటే నాన్ బీటీ వేయండి. అక్కడ ఇరవై పురుగులు తిని బతుకుతాయి, వాటిలో చుక్క పదో వంతే. బీటీలో ఎనభై ఉంటే సగటున 0.8 పురుగు బతుకుతుంది. లెక్క: (20 × 0.1 + 0.8 × 1) ను 20.8తో భాగించండి. 0.135 వస్తుంది. పది శాతం పదమూడున్నర అయింది, వంద కాలేదు. ఎందుకంటే బీటీలో బతికిన ఆ ఒక్క పురుగు చుట్టూ మామూలు పురుగులే ఇరవై ఉన్నాయి, వాటితో జత కడితే పిల్లలకి ఎక్కువగా ఒకే చుక్క, ఆ పిల్లలు బీటీ తింటే చస్తాయి. నాన్ బీటీ అయిదు శాతమే వేస్తే? మీరే వేయండి. 24 శాతం దాటుతుంది. ఇక మొదట్లో చుక్క ఒక్క శాతమే ఉండి, అయిదో వంతు నాన్ బీటీ వేసుంటే, ఒక తరానికి అది 1.04 శాతం అవుతుంది. అసలు కదిలినట్టే ఉండదు.

గట్టు మీద పారేసిన ఆ ప్యాకెట్ ఇదే. 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల నాన్ బీటీ ఇచ్చేవారు, చేను చుట్టూ అయిదు సాళ్ళు లేదా చేలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది వేయమని నియమం. వ్యవసాయ శాఖవాళ్ళు రెఫ్యూజియా అంటారు. పురుగుకి అన్నం పెట్టడమేంటని రైతుకి అనిపించడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకో చింతగింజలంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. “అలవాటు పడింది” అనుకుంటే నాన్ బీటీ సాళ్ళు దండగనే అనిపిస్తుంది, అలవాటుకి మందు ఇంకో కొత్త విషమే అనిపిస్తుంది. జన్యువుల లెక్క అనుకుంటేనే ఆ సాళ్ళ విలువ తెలుస్తుంది.

జరిగింది ఇదీ. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, ఒకటి కాకుండా రెండు బీటీ జన్యువులు చేర్చిన రకానికి 2006లో. మొదటి రకాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు, అంటే మనం కాయ పగలదీస్తే కనిపించేది, గుజరాత్‌లో కనిపించిందని 2010లో బయటపెట్టారు. 2014-15 నాటికి అక్కడ రెండు జన్యువుల రకమూ దాన్ని ఆపలేకపోయింది, ఇంకో రెండు మూడేళ్ళకి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర చేలల్లోనూ అదే గోస. అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి బీటీ వేస్తున్నారు, అక్కడి రైతులు నాన్ బీటీ చేలు నిజంగా వేశారు, 2006 నుంచి వాటితోపాటు జత కట్టినా పిల్లలు పుట్టని గొడ్డు రెక్కల పురుగుల్ని కూడా వదిలారు, 2018లో అమెరికా పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు లేదని ప్రకటించారు. అదే జాతి పురుగు.

మరి పత్తికాయలు తినే ఇంకో పురుగు, శనగపచ్చ పురుగు, ఇంతగా ఎందుకు తట్టుకోలేదని అడగాలి మీరు. అది శనగ తింటుంది, కంది తింటుంది, టమాటా తింటుంది. ఊరి చుట్టూ వేసిన ఆ పంటలన్నీ దానికి అడక్కుండానే నాన్ బీటీ సాళ్ళు. గులాబీ రంగు పురుగుకి మన దగ్గర దాదాపు పత్తి తప్ప ఇంకో తిండి లేదు.

చేలో చూడాల్సింది

ఆట ఇంట్లో అయ్యాక చేలోకి వెళ్ళండి. పూత మీద ఉన్నప్పుడు రేకులు విచ్చుకోకుండా మూతి ముడుచుకుని, తిప్పి కట్టినట్టున్న పూలు కనిపిస్తే కోసి విప్పండి, వాటినే గుడ్డి పూలంటారు, లోపల పట్టు దారం అల్లుకుని చిన్న పురుగుంటుంది. తర్వాత పచ్చి కాయలు ఇరవై, ఒకే మూల నుంచి కాకుండా చేనంతా తిరిగి కోయండి. పైనుంచి కాయ నిక్షేపంలా ఉంటుంది, రంధ్రం కనిపించదు, లోపలికి వెళ్ళాక అది పూడిపోతుంది. పగలదీస్తే దూది పసుపు మరకలతో, గింజ డొల్లగా, ఒక్కోసారి రెండు గింజలు కలిపి కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. ఆ జంట గింజలోనే పురుగు మరుసటి సీజన్ దాకా నిద్రపోతుంది.

ఇరవైలో రెండు కాయల్లో పురుగున్నా, లేదా లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే బుట్ట) వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడ్డా, ఆలస్యం చేయకుండా వ్యవసాయాధికారికి చూపించండి. ఇంకో నాలుగు బస్తాలు వస్తాయని డిసెంబరు దాటాక పత్తిని చేలోనే ఉంచకండి. తట్టుకున్న పురుగులు ఒకదానితో ఒకటి జత కట్టడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు.

మూడో ఆట: రాకపోకలు ఉంటే, లేకపోతే

మళ్ళీ ఎనిమిది గింజల ఆటే, ఈసారి రెండు డబ్బాలు. ప్రతి తరానికీ ఈ డబ్బాలోంచి చూడకుండా ఒక గింజ ఆ డబ్బాలోకి, ఆ డబ్బాలోంచి ఒకటి ఈ డబ్బాలోకి మార్చండి. ఇది త్వరగా చెప్పేస్తాను: రెండూ కలిసే తిరుగుతాయి, ఒకటి ఎటు పోతే రెండోదీ కొంచెం ఆలస్యంగా అటే పోతుంది. ఒక్క గింజ రాకపోకే అంత పని చేస్తుంది. మార్చడం ఆపేయండి, ఇక దేని దారి దానిది.

బీటీని తట్టుకునే పురుగు కొత్త జాతి అయిందా అంటే ఇంకా లేదు. మామూలుదానితో జత కడితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకీ పిల్లలు పుడతాయి. మంద మారింది, జాతి విడిపోలేదు. విడిపోవాలంటే మళ్ళీ కలిసినా కలవలేని స్థితి రావాలి.

నాలుగో ఆట: ఒక మాట, రెండు దారులు

దీనికి గింజలు అక్కర్లేదు, తెలుగు చాలు. కాగితం మీద ‘కల’ అని రాయండి. ఇద్దరు రెండు గదుల్లోకి వెళ్ళండి. నియమం ఒక్కటే: ఒక్కసారికి ఒక్క అక్షరం మార్చొచ్చు, వచ్చిన మాటకి అర్థం ఉండాలి. అర్థం లేని మాట అంటే బతకని జీవి.

ఒకరు మొదటి అక్షరం మార్చి ‘వల’ అన్నారు. బాగుంది. ఇంకొకరు రెండో అక్షరం మార్చి ‘కథ’ అన్నారు. అదీ బాగుంది. ఇప్పుడు బయటికొచ్చి కలపండి, ‘వల’ నుంచి మొదటి అక్షరం, ‘కథ’ నుంచి రెండోది. ‘వథ’. అర్థం లేదు. ఎవరూ తప్పు అడుగు వేయలేదు, ఎక్కడా చెడ్డ మార్పు రాలేదు, అయినా రెండూ కలిస్తే బతకవు, ఎందుకంటే ‘వ’, ‘థ’ ఇంతకుముందు ఎప్పుడూ ఒకే మాటలో కలిసి పరీక్షకి నిలబడలేదు. జాతులు విడిపోవడంలో నాకు అన్నిటికంటే అబ్బురంగా అనిపించేది ఈ ఒక్క విషయం. ఇందులో శత్రుత్వం లేదు, దూరం ఉంది, కాలం ఉంది. మూడక్షరాల మాటలతో, పది మార్పులతో ఆడి చూడండి. రెండు మార్పులుంటే గొడవపడగల జత ఒకటే, పది మార్పులుంటే నలభై అయిదు. ఎక్కువకాలం విడిగా ఉన్నవి కలవడం అంత కష్టం.

నిజంలో చూడాలంటే, డయాన్ డాడ్ అనే శాస్త్రవేత్త ఒకే గుంపు నుంచి ఈగల్ని తీసుకుని కొన్నిటిని పిండి పదార్థం మీద, కొన్నిటిని మాల్టోజ్ అనే చక్కెర మీద విడివిడిగా పెంచింది. తర్వాత కలిపితే, పిండి మీద పెరిగిన గుంపువి ఎక్కువగా ఆ గుంపువాటితోనే, చక్కెరవి చక్కెరవాటితోనే జత కట్టాయి. 1989లో అచ్చయిన పని అది. జత ఎంచుకోమని వాటికెవరూ నేర్పలేదు, తిండి మారింది, అంతే.

ఒక్క తరంలో విడిపోయిన పత్తి

పైవన్నీ నెమ్మదిగా జరిగేవి. మొక్కల్లో ఇంకో దారుంది, దానికి ఉదాహరణ ఇంత దూరం చెప్పుకుంటూ వచ్చిన పత్తే. గుమ్మం దగ్గరికెళ్ళి చెప్పులు తెచ్చుకోండి, అర్థం కావడానికి.

మన దేశవాళీ పత్తికి క్రోమోజోములు, అంటే కణంలో జన్యువుల్ని మోసే పోగులు, 26. అంటే పదమూడు జతల చెప్పులు. ఇప్పుడు చేలల్లో ఎక్కువగా కనిపించే అమెరికన్ పత్తికి 52. ఆ 52 ఎలా వచ్చాయంటే, సుమారు పది, ఇరవై లక్షల ఏళ్ళ కిందట, ఆసియా, ఆఫ్రికాల వైపు పత్తికి దగ్గరి చుట్టం ఒకటి అమెరికా ఖండంలో అక్కడి అడవి పత్తితో కలిసింది. ఇటు నుంచి పదమూడు ఒంటి చెప్పులు, అటు నుంచి పదమూడు ఒంటి చెప్పులు. ఏదీ దేనికీ సరైన జోడు కాదు, జోడు కుదరకపోతే పుప్పొడి తయారుకాదు, విత్తనం కట్టదు. కంచరగాడిదకి పిల్లలు పుట్టకపోవడం ఇలాంటి ఇబ్బందే. కానీ మొక్కలో అప్పుడప్పుడూ కణం విడిపోకుండా క్రోమోజోములు మొత్తం రెట్టింపవుతాయి. మీ దగ్గరున్న ఇరవై ఆరు ఒంటి చెప్పులకీ అచ్చం అలాంటిదే ఇంకోటి తెచ్చి పక్కన పెట్టండి. ప్రతిదానికీ జోడు దొరికింది. యాభై రెండు. ఆ మొక్క తనంతట తాను విత్తనం కట్టగలదు, కానీ తల్లి జాతితోగానీ తండ్రి జాతితోగానీ కలిస్తే లెక్క కుదరదు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూది దువ్వి సన్నఖద్దరు నేసేది దేశవాళీ కొండపత్తి, ఎర్రపత్తితో. అటువైపు వెళితే, లేదా మీ ఊళ్ళోనే ఎవరైనా దేశవాళీ రకం ఇంకా వేస్తుంటే, పూత మీదున్నప్పుడు ఓ పొద్దున వెళ్ళి దాన్నీ పక్క చేలో అమెరికన్ పత్తినీ చూడండి. ఒకే తేనెటీగ ఆ పువ్వు మీద వాలి ఈ పువ్వు మీదకి వస్తుంది, కాళ్ళకి పుప్పొడి అంటుకుని ఉంటుంది. ఎప్పుడైనా విత్తనం కట్టి మొలిచినా దానికి పదమూడూ ఇరవై ఆరూ కలిసి ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిది చెప్పుల్ని జతలుగా పేర్చడానికి కూర్చోండి, ఎక్కడ ఆగిపోతారో చూడండి.